మొదటి ఊరివాళ్ళకు నీళ్ళు వదిలిన సోమయాజులు గారు

మా డెలవేర్ తెలుగువాళ్ళకు పెద్దదిక్కు, సర్వే విద్యలో నిష్ణాతులు, నిత్యానుష్ఠానపరులు, స్నేహశీలి అయిన సోమయాజులు గారు ఈ పుష్యమాసంలో ఒక శనివారం ఉదయం హఠాత్తుగా దివంగతులయ్యారు. యాభై ఎనిమిదో ఏడు నడుస్తోంది. ఈ రాష్ట్రంలో మనవాళ్ళలో మొట్టమొదట పోయినవారు ఆయనే. ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. మన సంఘం పత్రికకు తెలుగు టైపురైటరు లేదు. ఎనిమిదేళ్ళుగా ప్రతి పేజీ నేను చేత్తో రాసిస్తే జిరాక్సు తీయిస్తున్నాం. పెళ్ళిళ్ళూ, పిల్లల బారసాలలూ, ఉగాది పచ్చడి కొలతలూ రాసిన చేత్తోనే ఇదీ రాయాల్సి వచ్చింది. ఈ చేతి గురించే మీకు ఒక సంగతి చెప్పుకోవాలి.

ఆ ఉదయం పదకొండు కావస్తోంది. మిక్సీలో మినప్పప్పు రుబ్బుతున్నాను. ఫోన్ మోగింది. ఆయన భార్య, మా అన్నపూర్ణక్కయ్య. "రాజ్యం, మీ అన్నయ్యగారు వెళ్ళిపోయారే" అంది. నేను అయ్యో అని అరవలేదు, ఏడవలేదు. మిక్సీ ఆపాలని కూడా తోచలేదు. నా మనసులో మొదట మెదిలిన మాట ఇది: నేనే చంపాను.

కంగారు పడకండి, నేను విషం పెట్టలేదు. జరిగింది ఇది. మొన్న మహాలయ అమావాస్యనాడు లూయిస్ ఊరి సముద్రపు ఒడ్డున సోమయాజులు గారు తర్పణాలు వదులుతూ, పోయినవాళ్ళ పేర్ల మధ్య తన పేరు చదివారు. బతికున్న మనిషి తన పేరు తనే చెప్పి నువ్వులూ నీళ్ళూ వదిలారు. ఆ పేర్ల పట్టిక రాసిచ్చింది నేను. మూడున్నర నెలలు తిరక్కుండా మనిషి లేరు. ఆయన గురించి ఏం రాయబోయినా ముందు ఇదే అడ్డం వస్తోంది. అందుకని దాచకుండా మొదటే చెప్పేశాను.

ఆయన పోయిన తీరు కూడా ఆయనకే చెల్లింది. మన రాష్ట్రం నెత్తిన సరిహద్దు గీత గుండ్రంగా ఉంటుందని మీకు తెలిసే ఉంటుంది. న్యూ కాజిల్ పాత కోర్టు శిఖరం మీద కంపాసు ముల్లు గుచ్చి పన్నెండు మైళ్ళ దూరాన గీసిన వంపు అది. ఆ వంపు వెంబడి అక్కడక్కడా రాళ్ళు పాతి ఉంటాయి. మంచు పడ్డప్పుడల్లా శనివారం పొద్దున్నే బయల్దేరి వెళ్ళి, ఆ రాళ్ళ మీద మంచు దులిపి రావడం ఆయన అలవాటు. ఆ రోజూ వెళ్ళారు. రోడ్డు వార బండి ఆపి, ఇంజను ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచున్నట్టే ఉన్నారట. పక్క సీట్లో ఫ్లాస్కు మూత కూడా తియ్యలేదు. బండి ముక్కు మనవైపు ఉంది, తోక పెన్సిల్వేనియాలో ఉంది. మనిషి ఏ రాష్ట్రంలో పోయినట్టు రాయాలో తెలియక వచ్చిన ఆఫీసరు తికమకపడ్డాడు. చివరికి మంచులో రాయిని వెతికి పట్టుకుని, డ్రైవరు సీటు డెలవేర్‌లోనే ఉందని తేల్చాడు. ఆ రాయి మీద మంచు అప్పటికే ఎవరో శుభ్రంగా దులిపేసి ఉందని ఆ ఆఫీసరే మా వారితో చెప్పాడు. బండి దగ్గర్నించి రాయిదాకా మంచులో అడుగుల జాడ మాత్రం లేదట.

నేను ఈ దేశం వచ్చింది డెబ్బై ఎనిమిదిలో. వచ్చి మూడు వారాలైనా కాలేదు, మా అపార్ట్‌మెంటు ముందు ఓడంత స్టేషన్ వాగన్ ఆగింది. పంచెకట్టు మీద ఊలు కోటు, తలకు మంకీ క్యాపు, చేతిలో చుట్టిన మ్యాపు. "ఏమ్మా, మా రాష్ట్రం చూపిస్తా, ఎక్కండి" అన్నారు. ఈయనెవరో నాకు తెలియదు. మా వారు కిక్కురుమనకుండా ఎక్కి కూచున్నారు. తరవాత తెలిసింది, డెలవేర్‌లో దిగిన ప్రతి తెలుగు కుటుంబానికీ ఈ యాత్ర తప్పదని. గృహప్రవేశానికి పాలు పొంగించినట్టే ఇది కూడా. పులిహోర వాళ్ళింటి నుంచి, పెరుగన్నం మనింటి నుంచి. యాత్ర కాకుండా ఎవరినీ 'మనవాళ్ళు' అనేవారు కాదు.

డోవర్ పచ్చికబయలు దగ్గర మొదలు. కొత్త రాజ్యాంగానికి అన్ని రాష్ట్రాలకంటే ముందు ఒప్పుకుని సంతకం పెట్టింది మనమే, అందుకే కారు నంబరు ప్లేట్ల మీద మొదటి రాష్ట్రం అని వేసుకుంటాం అని, ఆ సంతకం తనే పెట్టినట్టు చెప్పేవారు. తరవాత విల్మింగ్టన్‌లో స్వీడన్ వాళ్ళు ఓడ దిగిన రాతిగట్టు. దుంగలు పేర్చి ఇల్లు కట్టడం ఈ దేశానికి నేర్పింది వాళ్ళేనట. ఆ పక్కనే వాళ్ళ పాత చర్చి, దాని చుట్టూ సమాధులు. ప్రతిచోటా ఆయన పలక మీద రాసింది గట్టిగా చదివి వినిపించి, "మరి దీనికి ముందు?" అని మమ్మల్నే అడిగేవారు. "మొదటిది అని రాసిన ప్రతిచోటా కింద ఎవరో ఒకరు ఉంటారమ్మా. లెక్కలోకి రానివాళ్ళు. నేను సర్వేయర్ని. గొలుసు పరిచే ముందు నేల చూసుకోవాలి" అనేవారు.

ఆ మొదటి యాత్రలోనే నాకు ఆయనతో తగువు. ఎక్కడ ఆగినా మళ్ళీ ఎక్కేటప్పుడు తలలు లెక్కపెట్టేవారు. బండిలో ముందే ఎక్కి కూచున్నవాళ్ళతో, తనతో కలిపి ఏడుగురం ఉన్నాం. "ఎనిమిది. అందరూ వచ్చారు, పదండి" అన్నారు. "ఏడండీ" అన్నాను. "ఎనిమిది" అన్నారు మళ్ళీ, చిరునవ్వుతో. సర్వే చేసి బతికే మనిషికి వేళ్ళ మీద లెక్క రాకపోతే ఎలాగండీ అని నేను గయ్యిమన్నాను. చర్చి దగ్గర మా వారు వెనక్కి తిరిగి తనే లెక్కపెట్టారు. ఏడే. కాని మధ్యాహ్నం తిన్నాక ఏరితే ఎంగిలి పేపర్ ప్లేట్లు ఎనిమిది వచ్చాయి. ఎవరో రెండు ప్లేట్లు వాడి ఉంటారని మా వారు తేల్చేశారు. ఎవరూ ఒప్పుకోలేదు. ఆ తరవాత ఎనిమిదేళ్ళూ, ఏ యాత్రలోనైనా ఆయన లెక్క ఒకటి ఎక్కువే. మేం కూడా అడగడం మానేశాం. పిల్లలు మాత్రం వెనక సీట్లో కూచోనని ఏడ్చేవాళ్ళు.

యాత్ర ముగిసేది లూయిస్‌లో, సముద్రం వార. అక్కడికి వచ్చేసరికి ఆ హుషారంతా పోయి మనిషి మెత్తబడిపోయేవారు. మొదటి రాష్ట్రంలో మొదటి ఊరు అదే. డచ్చివాళ్ళు తిమింగలాల నూనె కోసం వచ్చి కట్టుకున్నారు. స్తంభం మీద తమ దేశపు ముద్ర ఉన్న రేకు ఒకటి కొట్టుకున్నారు. ఆ నేల మనుషుల్లో ఒక పెద్ద, రేకు తళతళలాడుతుంటే ముచ్చటపడి, పొగగొట్టాలు చేసుకుందామని ఊడబీక్కుపోయాడు. దొరలు నానా యాగీ చేశారు. వాళ్ళను సంతోషపెడదామని సొంతవాళ్ళే అతణ్ణి చంపేశారు. చచ్చినవాడి స్నేహితులు ఆ కసి ఊరి మీద తీర్చుకున్నారు. మళ్ళీ ఓడ వచ్చేసరికి ఒడ్డంతా పుర్రెలూ ఎముకలూ, మనుషులవీ గుర్రాలవీ కలిసిపోయి ఉన్నాయట. ఇదంతా చెప్పి, "ఒక్క రేకుముక్కమ్మా" అనేవారు. తప్పెవరిది అంటే మాట్లాడేవారు కాదు. అక్కడ గాలి ఎప్పుడూ ఆగదు. ఆయన ఆ కథ చెబుతున్నంతసేపూ మాత్రం ఆగేది. ఇది నేను ఒక్కదాన్నే అంటే నవ్వండి, మా వారిని కూడా అడగండి.

ఇక తర్పణాల మాట. ఆయన తండ్రిగారు ఎప్పుడో పోయారు. ఏటా మహాలయ అమావాస్యకు పితృదేవతలకు తిలతర్పణం చేసేవారు, అది అందరూ చేసేదే. ఆయన దాన్ని లూయిస్ ఒడ్డున చేసేవారు. తనవాళ్ళకు వదలడం అయ్యాక, ఒక కాగితం తీసి, ఈ నేల మీద దిక్కులేకుండా పోయినవాళ్ళందరికీ వదిలేవారు. మొదటి ఊరివాళ్ళకు. రేకు తీసుకుపోయిన పెద్దమనిషికి. సరిహద్దు గీత కోసం అడవి కొట్టినవాళ్ళకు. పాత సమాధుల్లో ఇంటిపేరు లేకుండా ఒట్టి పేరుతో పడున్న బానిసలకు. హన్నా, కేటో, బెస్సీ. గోత్రం తెలియనివాళ్ళకు కాశ్యప గోత్రం చెప్పమంటుంది శాస్త్రం. అందుకని అందరూ కాశ్యపులే. "కాశ్యప గోత్రం హన్నా" అని ఆయన గంభీరంగా అంటుంటే మొదటిసారి నాకు నవ్వాగలేదు. "వాళ్ళు క్రైస్తవులు కదండీ, మీ నువ్వుల నీళ్ళు వాళ్ళేం చేసుకుంటారు?" అన్నాను. "దాహం వేసినవాడు చెంబు ఎవరిదని చూస్తాడుటమ్మా?" అన్నారు. ఆ ఏటి నుంచి నేనూ మా వారూ ఏటా వెంట వెళ్ళేవాళ్ళం.

సంవత్సరం పొడుగునా సమాధుల చుట్టూ తిరిగి ఆయన కొత్త పేర్లు పోగుచేసేవారు. ఆయన దస్తూరీ మాత్రం దేవుడికే తెలియాలి. సర్వే పుస్తకాల్లో అంకెలు వేసి వేసి అక్షరాలు కూడా గొలుసు కొలతల్లా వంకర్లు పోయేవి. తడి చేతులతో, గాలిలో, కళ్ళజోడు మీద తుంపర పడుతుంటే తన రాత తనే చదువుకోలేరు. అందుకని ఏటా ఆ కాగితం నాకిచ్చి, "పెద్దక్షరాలతో రాసిపెట్టమ్మా" అనేవారు.

మొన్నటేడు ఏమైందంటే, దసరాల్లో మన సంఘం సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం కదా. సంకల్పంలో చదవడానికి అందరి గోత్రనామాలూ రాసివ్వమని అవీ నా నెత్తినే పెట్టారు. ఒకే మధ్యాహ్నం, ఒకే భోజనాల బల్ల మీద, ఒక పక్క బతికున్నవాళ్ళ పట్టిక, ఒక పక్క పోయినవాళ్ళ పట్టిక. రెండిట్లోనూ గోత్రం, పేరు. మధ్యలో పప్పు పొంగితే లేచాను, ఫోన్ వస్తే లేచాను. సోమయాజులు గారిది సొంతంగానే కాశ్యప గోత్రం. ఇటు చూసినా కాశ్యప, అటు చూసినా కాశ్యప. రెండు కాగితాలూ మడిచి రెండు కవర్లలో పెట్టాను. మళ్ళీ సరిచూసుకోలేదు. ఆ సరిచూసుకోకపోవడమే నన్ను ఇన్నాళ్ళూ కొరుక్కుతింది.

అమావాస్యనాడు ఒడ్డున ఐదుగురం. ఆయన, అక్కయ్య, మేమిద్దరం, వాళ్ళమ్మాయి ఇందు. ఇందు కాలేజీ నుంచి వచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల. ఆడపిల్లకు ఇందులో పనేముందని ఎప్పుడూ ఎవరూ పిలవలేదు, దూరంగా జాకెట్టు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడింది. పొగమంచు ఎంత కమ్మిందంటే నీళ్ళు ఎక్కడ మొదలవుతున్నాయో తెలియడం లేదు. ఆయన చదువుతున్నారు. మొదటి ఊరివాళ్ళు అయ్యారు. గొడ్డలివాళ్ళు అయ్యారు. హన్నా, కేటో, బెస్సీ. తరవాత, అదే గొంతుతో, ఎక్కడా తడబడకుండా, "కాశ్యప గోత్రం సోమయాజులు శర్మాణం" అన్నారు. స్వధా నమస్తర్పయామి అన్నారు. బొటనవేలి సందు నుంచి నువ్వులనీళ్ళు జారిపోయాయి. ఒకసారి కాదు. మూడుసార్లు.

అక్కయ్య నా చెయ్యి పట్టుకున్న పట్టుకు గాజు విరిగింది. ఇసుక నీళ్ళు పీల్చుకునే చప్పుడు వినిపించింది. చాలామంది ఒక్కసారే ఆబగా తాగుతున్నట్టు. ఆయన కాగితం మడిచి పంచాంగంలో పెట్టుకుని, జంధ్యం సవ్యం చేసుకుని, "పదండి, చలి" అన్నారు. బండి దగ్గర మామూలుగానే లెక్కపెట్టారు. "నాలుగు. అందరూ వచ్చారు." ఐదుగురం ఉన్నామని ఎవరం అనలేదు.

ఆ తరవాత ఆయన్ని కనిపెట్టి చూడటం నాకు పనైపోయింది. మీకందరికీ తెలుసు, ఆయన కాఫీ మనిషి. ఫ్లాస్కు లేకుండా గడప దాటరు. వ్రతం రోజు హాల్లో పీటల మీద మూడు గంటలు కూచుని కథ చెప్పించారు, గుక్కెడు మంచినీళ్ళు ముట్టలేదు. నేను కాఫీ తెస్తే చేత్తో వారించి, "ఈ మధ్య దాహం వెయ్యడం లేదమ్మా" అన్నారు. నవ్వుతూనే అన్నారు. దీపావళికి మా ఇంటికి వచ్చారు. గ్లాసు నిండా నీళ్ళు పెట్టాను. కారప్పూస తిన్నారు, మైసూర్‌పాకు తిన్నారు, గంటసేపు పెన్సిల్వేనియావాళ్ళతో మన పాత సరిహద్దు తగాదా అంతా చెప్పారు. వెళ్ళాక చూస్తే గ్లాసు పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆ నీళ్ళు మొక్కల్లో పొయ్యడానికి కూడా నాకు చెయ్యి రాలేదు.

ఆ రోజే గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ, "పట్టిక బాగా రాశావమ్మా ఈ ఏడు" అన్నారు. చురక వేశారనుకున్నాను. కాళ్ళ మీద పడదామనుకున్నాను. పడలేదు. పెద్దాయన నోట ఏదైనా మాట జారితే అది నిజమైపోతుందేమో అని భయం. శాంతి ఏదైనా ఉంటే రాయమని మా అమ్మకు ఏరోగ్రామ్ రాశాను. రాసి, చదువుకుని, పోస్టు చెయ్యకుండా సొరుగులో పడేశాను. నేను చేసింది అది. మనిషి కళ్ళముందే తిరుగుతున్నారు, తప్పు చెప్పుకోవడానికి మూడున్నర నెలల వ్యవధి ఉంది, నేను మాత్రం ఉత్తరాలు రాసి సొరుగులో పెట్టుకున్నాను.

ఇక శనివారం ఫోన్ వచ్చిందని ముందే చెప్పాను. సోమవారం దహనం. ఎవరు చెయ్యాలన్న మాట వచ్చింది. కొడుకులు లేరు. ఇండియా నుంచి ఎవరైనా వస్తారా అని ఎవరో అడిగితే అక్కయ్య తల అడ్డంగా ఊపింది. ఇందు ఒక అడుగు ముందుకు వేసినట్టే అనిపించింది. "ఆడపిల్లవి, నువ్వొద్దులేమ్మా" అన్నారు పెద్దవాళ్ళు. మా వారు ముందుకొచ్చి చేశారు. అన్నది ఎవరని అడక్కండి. అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

పన్నెండో రోజు భోజనాలయ్యాక అందరూ వెళ్ళారు. వంటింట్లో అక్కయ్య గిన్నెలు కడుగుతోంది, ఇందు తుడుస్తోంది. ఇంక నావల్ల కాలేదు. "అక్కయ్యా, ఆ పట్టికలో ఆయన పేరు రాసింది నేనే. రెండు కాగితాలూ కలిపేశాను. నేనే చంపుకున్నాను ఆయన్ని" అని గోడకి చేరబడి ఏడ్చేశాను. అక్కయ్య కుళాయి కట్టేసింది. నా వైపు తిరిగింది. ఈ మనిషి ఇక జన్మలో నా గుమ్మం తొక్కదు అనుకున్నాను.

"నువ్వు రాయలేదే పిచ్చిదానా" అంది.

చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళి పంచాంగం తెచ్చింది. అందులో ఆ కాగితం. పైన నా గుండ్రటి అక్షరాలు, బెస్సీ దాకా. నేను రాసింది అక్కడితో సరి. కింద, అంచుకు ఇరికించి, ఒకే ఒక్క వరస. గొలుసు కొలతల్లా వంకర్లు పోయిన అక్షరాలు. ఆయన చేత్తో ఆయనే రాసుకున్న ఆయన పేరు. మూడున్నర నెలలుగా నా గుండె మీద కూచున్న బండ దిగింది. దిగిన మరుక్షణమే ఇంతకంటే పెద్దది ఎక్కింది.

"నాకు మాత్రం ముందు తెలుసుటే? ఆ రోజు ఇంటికొచ్చాక అడిగాను, ఇదేం పని అని" అంది అక్కయ్య. "ఎండాకాలంలో మా మరిది పోయాడు. ఆ ఒక్క తమ్ముడే ఈయనకు మిగిలింది. ఉత్తరం వచ్చిన రోజు మీతో ఎవరితోనూ చెప్పలేదు. అప్పట్నించీ అదే ధ్యాస. 'అన్నపూర్ణా, తరవాత నాకు నీళ్ళు వదిలేవాడెవడూ లేడు. హన్నాకు నేనున్నాను. నాకెవరున్నారు? ఆ పట్టికలో ఉంటే ఎప్పటికైనా ఎవరో ఒకరు చదువుతారు' అన్నారు. గయకు పోయినవాళ్ళు తమ పిండం తామే పెట్టుకుని రావడం లేదా అని నన్నే కసిరారు. చివర్న, 'పట్టికంతా తన చేతిరాతే కదా, ఇదీ తనే రాశాననుకుంటుంది ఆ రాజ్యం, చెప్పాలి దానికి' అన్నారు. చెప్పారనుకున్నానే నేను."

చెప్పారేమో. పట్టిక బాగా రాశావని గుమ్మంలో అన్నది అందుకేనేమో. నేను వినలేదు, నా భయం నాకు. దాహం ఎందుకు వెయ్యలేదో, ఆ బండి లెక్కలేమిటో, మంచు దులిపిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే. ఎనిమిదేళ్ళు ఆయన పులిహోర తిన్నాం. ఆయన బండిలో ఊళ్ళు తిరిగాం. మన ఇళ్ళలో వ్రతాలు, బారసాలలు అన్నీ ఆయన చేతి మీదుగా జరిగాయి. ముక్కూ మొహం తెలియని హన్నాకు కూడా నేనున్నానన్న మనిషికి, 'అన్నయ్యగారూ, మీకు మేమున్నాం' అని మనలో ఒక్కళ్ళం ఒక్కసారి అనలేదు. దిక్కులేనివాళ్ళ వరసలో ఆయన తన పేరు తనే రాసుకుంటే, పక్కన నలుగురం నిలబడి చూశాం. సిగ్గేస్తోంది నాకు. ఈ పత్రిక చదివేవాళ్ళకు కూడా కాస్త సిగ్గు వెయ్యాలనే ఇదంతా రాశాను.

అక్కయ్య చెబుతున్నంతసేపూ ఇందు తుడుస్తున్న గిన్నె చేతిలో అలాగే పట్టుకుని ఉంది. ఆ పిల్లకు తెలుగు సగమే వస్తుందని మనమందరం అనుకుంటాం. అన్నీ అర్థమయ్యాయి. గిన్నె కింద పెట్టి కాగితం తీసుకుంది. చదవడం రాదు, ఆ కింది వరసను వేలితో తడిమింది.

"ఆంటీ, నాన్న ఎందుకు అలా అనుకున్నాడు? నేను ఉన్నాను కదా" అంది.

నేను ఏం చెప్పను? నిన్ను వెనక్కి వెళ్ళమన్నది మేమేనే అని చెప్పనా? దానికి కోపం కూడా లేదు. అర్థం కాక అడిగింది. అంతటి మనిషి పోయి మన సంఘానికి కలిగిన లోటు తీరేది కాదని ఇలాంటి వ్యాసాల చివర రాస్తాం. నేనే ఎన్నోసార్లు రాశాను. ఆ లోటేమిటో ఆ వంటింట్లో, ఆ పిల్ల మొహంలో చూశాను. ఆయన ఆత్మకు శాంతి కోరే అర్హత కూడా నాకు ఉందనుకోను. ఆయన పాదాలకు మాత్రం ఇక్కణ్ణించే దండం పెడుతున్నాను.

"ఎలా చెయ్యాలి? షో మీ" అంది ఇందు. అక్కయ్య వంక చూశాను. వద్దనలేదు. శాస్త్రం ఒప్పుకుంటుందా అని అడగాలనుకునేవాళ్ళు నాకు ఫోన్ చెయ్యండి, సాయంత్రం ఆరు దాటితే ఇంట్లోనే ఉంటాను. సింకు దగ్గర నిలబెట్టి, కుడిచెయ్యి చాపించి, బొటనవేలు కాస్త ఎడంగా పెట్టమన్నాను. నీళ్ళు ఇటువైపు నుంచి జారాలి, వేళ్ళ కొసల నుంచి కాదు అని చెప్పాను. వచ్చే మహాలయానికి ఇంకా ఎనిమిది నెలలుంది, ఇప్పుడు ఒట్టినే నేర్చుకోవడం అని కూడా చెప్పాను. తల ఊపింది. నేను చెంబు వంచి ఆ అరచేతిలో నీళ్ళు పోశాను.